ఏనాటి మన్నా ఆనాడే

ఆదివారము ఉదయాన గుడిగంట వినబడగానే మన ఊళ్ళలో ఎంత సందడి! ఉతికిన బట్టలు కట్టుకొని, బైబిలు చంకన పెట్టుకొని, పిల్లల చెయ్యి పట్టుకొని దేవుని మందిరానికి వెళ్తాము. కీర్తనలు పాడతాము, ప్రసంగము వింటాము, కానుక వేస్తాము. ఇంటికి వచ్చాక బైబిలును భద్రంగా గూట్లో పెడతాము. మరి సోమవారము? మంగళవారము? గూట్లో పెట్టిన ఆ గ్రంథము మళ్ళీ వచ్చే ఆదివారము వరకు కదలని ఇండ్లు మన సంఘాలలో ఎన్ని ఉన్నాయో ఎవరి ఇంటిని వారే చూసుకొని చెప్పుకోవాలి.

ఏ తల్లీ బిడ్డకు ఆదివారము ఒక్కనాడే అన్నము పెట్టి ఊరుకోదు. ఏ రైతూ నారుమడికి ఒక్కసారి నీళ్ళు పెట్టి కోతల దాకా గట్టు ఎక్కకుండా ఉండడు. శరీరానికీ పంటకూ అంత జాగ్రత్త తీసుకొనే మనము ఆత్మను మాత్రము ఆరు రోజులు పస్తు ఉంచుతున్నాము. చాలా చోట్ల ఒక్క పాస్టరుగారే నాలుగైదు గ్రామాల సంఘాలను చూసుకోవలసి వస్తున్నది. ఆయన ప్రతి ఇంటికీ ప్రతిరోజూ రాలేరు. ఆయన రాని రోజుల్లో మన విశ్వాసము దేనిని తిని బ్రతకాలి?

మన్నా నేర్పిన పాఠము

నిర్గమకాండము 16వ అధ్యాయములో ఇశ్రాయేలీయులకు దేవుడు మన్నా ఇచ్చిన సంగతి మన సండేస్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఆయన తలచుకొంటే ఒక్కసారే ఏడాదికి సరిపడా కురిపించగలడు. అలా చేయలేదు. ప్రతి ఉదయమూ లేచి, ఆ రోజుకు కావలసినంత ఏరుకోవాలి. ఎండ ఎక్కితే అది కరిగిపోయేది. ఆశపడి రేపటికి దాచుకొంటే పురుగులు పట్టేది. విశ్రాంతిదినానికి ముందు రోజు మాత్రమే రెండంతలు కూర్చుకొనే వీలు ఉండేది.

దేవుడు వారికి ఆహారముతోపాటు ఒక అలవాటు కూడా ఇచ్చాడు. రోజూ తన వైపు చూడటము నేర్పాడు. నిన్నటి మన్నా ఈనాటి ఆకలి తీర్చనట్లే, పోయిన నెల సభల్లో విన్న ప్రసంగము ఈనాటి శోధనకు చాలదు. ఎప్పుడో బాప్తిస్మము పొందిన రోజున కలిగిన ఆనందముతోనే జీవితమంతా నడవలేము.

మన ప్రభువును చూడండి. అరణ్యములో సాతాను శోధించినప్పుడు ఆయన చేతిలో గ్రంథపు చుట్ట లేదు. అయినా మూడుసార్లూ ద్వితీయోపదేశకాండములోని మాటలతోనే జవాబిచ్చాడు. ఆ మాటలు అంతకుముందే ఆయన హృదయములో ఉన్నాయి. కష్టము మనకు కబురు పెట్టి రాదు. పంటకు తెగులు పట్టిన నాడు, బిడ్డను ఆసుపత్రికి తీసుకొని పరుగెత్తిన రాత్రి, అప్పుల వాళ్ళు గుమ్మము ముందు నిలబడిన పూట, బైబిలు తెరచి వెదకే తీరిక ఉండదు. అంతకుముందు రోజూ కొంచెము కొంచెముగా దాచుకొన్న వాక్యమే ఆ వేళ నోటికి వస్తుంది.

ఇల్లే మొదటి బడి

ద్వితీయోపదేశకాండము 6వ అధ్యాయములో దేవుని మాటలను పిల్లలకు నేర్పే బాధ్యత తల్లిదండ్రులకే అప్పగించబడింది. అదీ ఎప్పుడు? ఇంట కూర్చున్నప్పుడు, దారిన నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు. అంటే మనము బ్రతికే రోజంతా అన్నమాట. వారానికి ఒక గంట జరిగే సండేస్కూలు ఈ పనికి సహాయము చేయగలదు గాని, తల్లిదండ్రుల బదులు నిలబడలేదు.

తిమోతి తండ్రి గ్రీసు దేశస్థుడు. తల్లి మాత్రము విశ్వాసురాలైన యూదురాలు. తండ్రి ఆ ఇంట ప్రార్థన నడిపించినట్లు ఎక్కడా కనబడదు. అయినా అవ్వ లోయి, తల్లి యునీకే, ఈ ఇద్దరు స్త్రీల విశ్వాసము ఆ పిల్లవానికి అందింది. పసితనము నుండి అతనికి లేఖనాలు తెలుసునని పౌలు రాశాడు. భర్త గుడికి రాడని కుమిలిపోయే సహోదరీ, నీ ఇంట్లో నీ బిడ్డకు నీవే యునీకేవు. కొడుకూ కోడలూ పట్నానికి వలస పోతే మనవలను పెంచుతున్న అమ్మా, నీవే లోయివి. మీరు నేర్పింది వృథా కాదు.

ఈనాడు మన పిల్లలు పదో తరగతి కాగానే హాస్టళ్ళకు, ఆ తరువాత హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్ళిపోతున్నారు. వారు మన కళ్ళ ముందు ఉండే సంవత్సరాలు చాలా కొద్ది. ఆ కొద్ది కాలములో ఇంట్లో వాక్యము వినని బిడ్డ, తెలిసినవారెవరూ లేని పట్నములో ఆదివారము దేవుని మందిరాన్ని వెదుక్కొంటూ వెళ్తాడని మనము ఎలా అనుకోగలము?

చదువు రానివారి సంగతి

“మాకు చదువు రాదు, మేమేమి చేయగలము?” అని అడిగే పెద్దలు ఉన్నారు. ప్రకటన గ్రంథము మొదటి అధ్యాయము 3వ వచనము చూడండి. ధన్యత చదివేవానికి మాత్రమే కాదు, విని గైకొనేవారికి కూడా ఉన్నది. నెహెమ్యా 8వ అధ్యాయములో ఎజ్రా ధర్మశాస్త్రము చదువుతుంటే జనులు ఉదయము నుండి మధ్యాహ్నము వరకు నిలబడి విన్నారు. అర్థము చెప్పేవారు దగ్గర ఉండి వివరించారు. వారు విని, గ్రహించి, ఏడ్చి, తరువాత సంతోషించారు.

మన తెలుగు సంఘాల పునాది కూడా అలా విన్నవారిదే. 1912లో మొదటి భారతీయ ఆంగ్లికన్ బిషపుగా అభిషేకము పొందిన వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు దోర్నకల్ ప్రాంతములో సేవ చేసిన రోజుల్లో, అక్కడి విశ్వాసులలో ఎక్కువమంది అక్షరము ఎరుగని కూలిజనము. పగలంతా పొలాలలో కష్టపడి వచ్చినవారికి గ్రామ ఉపదేశకులు సాయంకాలము ప్రార్థన జరిపి, బైబిలు కథలను, పది ఆజ్ఞలను, ప్రభువు ప్రార్థనను, విశ్వాసప్రమాణమును నోటికి నేర్పేవారు. పుస్తకము చదవలేనివారు వాక్యాన్ని గుండెలో రాసుకొన్నారు. ఆ విశ్వాసమే నేడు మన దాకా వచ్చింది.

ఆనాటి వారికి లేని సదుపాయాలు మనకు ఉన్నాయి. ఇంట్లో అయిదో తరగతి చదివే పాప ఉంటే చాలు, ఆ పాపే చదువుతుంది, నాయనమ్మ ప్రార్థన చేస్తుంది. ఎవరూ చదవలేని ఇంట్లో సెల్‌ఫోనులోనే తెలుగు బైబిలు వినవచ్చు.

మన చేతిలోని తెలుగు గ్రంథము ఊరికే రాలేదని కూడా పిల్లలకు చెప్పండి. 1805లో జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్‌గ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు విశాఖపట్నము వచ్చి, ఆనందరాయరు అనే తెలుగు విశ్వాసి సహాయముతో సువార్తలను తెలుగులోకి మార్చే పని చేపట్టారు. 1809లో క్రాన్, 1810లో డెస్‌గ్రాంజెస్ కన్నుమూశారు. వారు పాటుపడిన మూడు సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. ఆ పుస్తకాన్ని ఆ ఇద్దరూ కళ్ళారా చూడలేదు. అంత ప్రయాసతో వచ్చిన గ్రంథము మన గూట్లో దుమ్ము పట్టి ఉండటము న్యాయమా?

ముందు వాక్యము, తరువాత ప్రార్థన

ప్రార్థనకు మోకాళ్ళూనగానే మనస్సు గొడ్ల పాకలోకో, చీటీ డబ్బుల మీదకో పరుగెత్తుతుంది. ఇది మన ఒక్కరి బాధ కాదు. ఇంగ్లండులోని బ్రిస్టల్ పట్టణములో అనాథ బిడ్డలను పోషించిన ప్రార్థనావీరుడు జార్జి ముల్లర్ కూడా ఈ బాధ ఎరిగినవాడే. ఏళ్ళ తరబడి ఆయన ఉదయము లేవగానే ప్రార్థనతో మొదలుపెట్టేవాడు. మనస్సు నిలవటానికే చాలా సేపు పట్టేదట. 1841లో ఆయన తన పద్ధతి మార్చుకొన్నాడు. మొదట వాక్యము చదివి, దానిని నెమ్మదిగా ధ్యానించడము మొదలుపెట్టాడు. అలా చేస్తే కొద్దిసేపటికే ఒప్పుకోలుగానో, స్తుతిగానో, విజ్ఞాపనగానో ప్రార్థన దానంతట అదే వచ్చేదని ఆయన రాసుకొన్నాడు.

ఇది మన ఇండ్లలోనూ చేయవచ్చు. దేవుడు ముందు మాట్లాడనివ్వండి, తరువాత మనము జవాబు చెప్పుదాము.

ఎంత చదవాలి?

బైబిలులో 1189 అధ్యాయాలు ఉన్నాయి. రోజుకు మూడు, ఆదివారము అయిదు చొప్పున చదివితే ఏడాదిలో గ్రంథమంతా పూర్తవుతుంది. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు. వారానికి అయిదు రోజులు రోజుకు ఒక్క అధ్యాయము చదివినా సరిగ్గా 52 వారాలలో ముగుస్తుంది. సామెతలు 31 అధ్యాయాలు కాబట్టి నెలకు చక్కగా సరిపోతాయి.

స్కాట్లండులోని డండీ పట్టణపు కాపరి రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘానికి ఒక పఠన పట్టిక తయారుచేసి ఇచ్చాడు. రోజుకు నాలుగు అధ్యాయాలు: రెండు కుటుంబముతో కలిసి, రెండు ఒంటరిగా. దానితోపాటు కొన్ని అపాయాలను కూడా హెచ్చరించాడు. చదవటము వట్టి ఆచారమైపోవచ్చు. చదివామన్న గర్వము రావచ్చు. లెక్క పూర్తిచేయాలని అజాగ్రత్తగా చదవవచ్చు. కొందరికి అది మోయలేని కాడి కావచ్చు.

ఆ హెచ్చరిక మన పల్లెలకు మరీ అవసరము. నాట్ల రోజుల్లో, మిరపకోతల రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో తెల్లవారుజామునే లేచి వంట చేసి పొలానికి పరుగెత్తే అక్కతో నాలుగు అధ్యాయాలు చదవమంటే అది భారమే. ఆమెకు పది వచనాలు చాలు. అయితే ఆ పది రోజూ ఉండాలి. ఎక్కువ చదివి వారము తిరక్కుండానే మానేయడము కంటె, కొంచెమే చదివి సంవత్సరమంతా నిలబడటము మేలు.

మోకాళ్ళూనక ముందు

ఇక్కడ ఒక మాట దాపరికము లేకుండా చెప్పాలి. రాత్రి తాగి వచ్చి భార్యను కొట్టిన చెయ్యి పొద్దున బైబిలు తెరిస్తే ఆ ఇంటి పిల్లలు ఏమి నేర్చుకొంటారు? భార్యను జీవమనే కృపావరములో తనతోపాటు పాలివారసురాలిగా ఎంచి సన్మానించకపోతే భర్త ప్రార్థనలకు ఆటంకము కలుగుతుందని పేతురు మొదటి పత్రిక 3వ అధ్యాయము 7వ వచనము హెచ్చరిస్తున్నది. సహోదరునికి మన మీద ఏదైనా ఉన్నదని జ్ఞాపకము వస్తే, కానుకను బలిపీఠము దగ్గరే ఉంచి ముందు వెళ్ళి సమాధానపడమని ప్రభువే చెప్పాడు. అత్తాకోడళ్ళు మాట్లాడుకోని ఇంట్లో, గట్టు తగాదాతో అన్నదమ్ములు ముఖాలు చూసుకోని ఇంట్లో, కుటుంబ ప్రార్థన ఎంతో కష్టము. ఆ కష్టమే దాని మేలు కూడా. రోజూ కలిసి మోకాళ్ళూనవలసి వస్తే కోపాన్ని ఎక్కువ రోజులు దాచిపెట్టుకోలేము.

ఇది తాయెత్తు కాదు

రోజూ బైబిలు చదివితే పంట బాగా పండుతుందని, జబ్బులు రావని మేము చెప్పటము లేదు. బైబిలును దిండు కింద పెట్టుకొంటే చెడు కలలు రావని నమ్మేవారు మనలో ఉన్నారు. అది వాక్యాన్ని తాయెత్తుగా మార్చటమే. దానియేలు రోజుకు మూడుమారులు ప్రార్థించాడు, అయినా సింహాల గుహ తప్పలేదు. గుహలో దేవుడు అతనికి తోడున్నాడు. హబక్కూకు ప్రవక్త అంజూరపు చెట్టు పూయకపోయినా, పొలము పంట ఇవ్వకపోయినా, దొడ్డిలో గొఱ్ఱెలు లేకపోయినా దేవునియందు ఆనందిస్తానన్నాడు. పంట పోయిన నాడు కూడా దేవుని విడువని హృదయము ఒక్క రోజులో తయారు కాదు. దినదినమూ వాక్యము విన్న ఇంట్లోనే అది పెరుగుతుంది.

ఈ వారమే మొదలుపెట్టండి

ఇంటిల్లిపాదీ కలిసే వేళ ఏదో చూసుకోండి. రాత్రి భోజనానికి ముందైనా సరే, పనికి బయలుదేరే ముందైనా సరే, అదే వేళను నిలుపుకోండి. ఆ పావుగంట టీవీ, సెల్‌ఫోను పక్కన పెట్టండి.

మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలే కనుక రోజుకు సగము చొప్పున 32 రోజుల్లో పూర్తవుతుంది. తరువాత రూతు, యోనా, ఫిలిప్పీయులకు రాసిన పత్రిక, యాకోబు పత్రిక చదవండి. ఇవన్నీ చిన్నవే.

ఒకరు బిగ్గరగా, నెమ్మదిగా చదవాలి. పాత అనువాదములోని కఠినమైన మాటలను ఇంట్లో మాట్లాడుకొనే మాటల్లో చెప్పుకోండి. విన్నది ఒక చిన్నబిడ్డ చేత తిరిగి చెప్పించండి. “ఈ రోజు మనము చేయవలసింది ఇందులో ఏమున్నది?” అని ఒక్క ప్రశ్న అడగండి. ఆ తరువాత ఇంటివారి పేర్లు, పొరుగువారి పేర్లు, రోగుల పేర్లు ఎత్తి క్లుప్తంగా ప్రార్థించండి. వారానికి ఒక వచనము అందరూ కంఠస్థము చేయండి.

ఒక రోజు తప్పిపోతే దిగులుపడి మానుకోవద్దు. తప్పిన భాగాలన్నీ ఒక్కసారే పూర్తి చేయాలని భారము పెట్టుకోవద్దు. మరునాడు తెల్లవారితే మన్నా మళ్ళీ కురుస్తుంది. గంప పట్టుకొని బయటికి రావలసింది మనమే.