ఉగ్గుగిన్నె శుభ్రత

బేగంబజారు పేరు వినగానే గిన్నెలును, బిందెలును, చెంబులును మన కన్నులయెదుట నిలుచును. నిజాం అలీఖానుగారి భార్య హమ్‌దాబేగము వర్తకుల కొసగిన స్థలమున వెలసినదని చెప్పబడు నీ బజారునకు నేటికిని పెండ్లిసామానుల కొఱకు దూరగ్రామములనుండి జనులు వచ్చుచుందురు. ఆ పాత్రల రాశులలో మిక్కిలి చిన్నదగు ఉగ్గుగిన్నెను గూర్చియే మేమీమాసమున ముచ్చటింపదలచితిమి.

ముందుగా నొక్కమాట. 6 నెలలు నిండువఱకు శిశువునకు తల్లిపాలు తప్ప మఱేదియు, మంచినీరు సయితము, అక్కఱలేదని వైద్యులు చెప్పుచున్నారు. కావున పురిటిబిడ్డకు తేనెయు, ఆముదమును, వసయు నాకించు నాచారము మానదగినది. గిన్నెను మాత్రము పాఱవేయ బనిలేదు. నెలలు నిండక పుట్టి చన్ను కుడువలేని బిడ్డలకును, తల్లి పనికి బోయినపుడు పిండియుంచిన పాలు పట్టుటకును అది మిగుల నుపయోగకరము. పాలపీకగల సీసాకంటె దీనిని కడుగుట సులభము.

19వ శతాబ్దమున ఐరోపాలో పొడుగైన రబ్బరుగొట్టముగల పాలసీసాలు వాడుకలోనుండెను. ఆ గొట్టములోనికి కుంచె చొరదు. లోపల పాలు పులిసి క్రిములు పెరుగుటచే ననేక శిశువులు అతిసారముపాలైరి. తుదకు 1910లో ఫ్రాన్సు ప్రభుత్వము వాని విక్రయమును నిషేధించెను. కుంచె చొరని చోట రోగము చొచ్చునని దీనివలన మనము గ్రహింపవలయును. మన ఉగ్గుగిన్నె ముక్కును అట్టి యిఱుకుచోటే.

గిన్నె కొనునపుడు స్టీలుదిగాని వెండిదిగాని కొనుడు. కళాయిలేని యిత్తడి, రాగిపాత్రలలో పాలు కాచి నిలువయుంచినచో రాగి పాలలో దిగును. మనదేశమున పసిబిడ్డల కాలేయమును చెఱచిన యొక వ్యాధికి ఇదియే ముఖ్యకారణమని 1980 తరువాతి పరిశోధనలు సూచించినవి.

ఇక కడుగు విధము. మొదట చేతులు సబ్బుతో కడుగుకొనవలయును. బిడ్డ త్రాగిన వెంటనే, పాలు ఎండి యంటుకొనకమునుపే, గిన్నెను నీటితో తొలుపవలయును. సీసా యైనచో మూత, పీక, కంఠపుచుట్టు అన్నియు విడదీయవలయును. అంట్లతొట్టిలో వేయక, వీనికై ప్రత్యేకించిన పళ్లెములో వేడినీటితోను సబ్బుతోను కుంచెతో తోమవలయును. గిన్నె ముక్కునకు సన్నని కుంచెయు, పీకరంధ్రమునకు నీటిధారయు నవసరము. బూడిదయు, అంట్లుతోము పీచును వలదు.

పిదప వెడల్పుగల పాత్రలో అన్నియు మునుగునట్లు, లోపల గాలిబుడగ నిలువకుండునట్లు నీరుపోసి, మూతపెట్టి, మరగ నారంభించినది మొదలు 10 నిమిషములుంచవలయును. కాచుటకు తగని ప్లాస్టిక్కు వస్తువులు కొననే వలదు. తీసినవానిని ఉతికిన గుడ్డపై బోర్లించి గాలికి ఆఱనియ్యవలయును. చీరచెఱగుతో తుడిచినచో పడిన శ్రమయంతయు వ్యర్థము. తోమకయే మరగించుటయు నిష్ప్రయోజనము. పాలజిడ్డు క్రిములకు కవచమగును.

డబ్బాపాలపొడి క్రిమిరహితము కాదు. వైద్యుడు దానిని విధించినచో, నీటిని మరగించి, 70 డిగ్రీలకు తగ్గకమునుపే, అనగా అరగంటలోపుగానే, పొడి కలిపి, గోరువెచ్చగా చల్లార్చి పట్టవలయును. కలిపిన పాలు 2 గంటలు దాటిన పాఱబోయవలయును. బిడ్డ త్రాగగా మిగిలినవానిని దాచనే రాదు.

పాలసీసాలకును పాలపొడికిని ప్రకటనలు చేయుటయు, ఉచితముగా బంచుటయు 1992వ సంవత్సరపు చట్టముచే నిషిద్ధము; 2003లో నది మఱింత కట్టుదిట్టమయ్యెను. అంగడివాని మాటకంటె వైద్యుని మాటయే మనకు ప్రమాణము కావలయును.

ఈ పని తల్లి యొక్కతెదే కాదు. బిడ్డకు పాలుపట్టు అత్తగారును, భర్తయు, పనిమనిషియు నిది యెఱుగవలయును. చదువరాని వారికి మీరు చదివి వినిపింపుడు. ఒక పాత్ర, ఒక కుంచె, పది నిమిషముల నిప్పు: ఇంతకుమించి ఖర్చులేదు. ఇంత స్వల్పమైన జాగ్రత్త లోపించి యే యింటనుగాని ఉయ్యాల వట్టిపోరాదని మా యాకాంక్ష.