మూలనున్న కంప్యూటరు – ఇంటికి కాపలాదారు

గోదావరి కాలువ గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయను దాటి మా తాటిపాక వైపు పొలాలకు వస్తుంది. అయినా గట్టు తెగ్గొట్టి ఎవరూ చేనుకు నీరు పెట్టుకోరు. తూము ఉంటుంది, దానికో తలుపు ఉంటుంది. ఎప్పుడు ఎత్తాలో, ఎప్పుడు దించాలో రైతుకు తెలుసు. ఇంటర్నెట్టూ అలాంటి కాలువే. ఇంటింటికీ తెచ్చుకున్నాం గాని, తూము మాట మరిచాం.

ఇదేమంత ప్రమాదమా అంటారేమో! మా వైపు చాలా ఇళ్లలో పిల్లలు గల్ఫ్‌లోనో, అమెరికాలోనో ఉంటారు. పెద్దవాళ్లు ఇక్కడ ఒంటరిగా ఉంటారు. అందుకని వీధరుగు మీదికి ఓ కెమెరా బిగిస్తారు. మంచిదే. కాని దాని పాస్‌వర్డు ఫ్యాక్టరీలో పెట్టినదే అయితే, చూసేది కొడుకొక్కడేనన్న నమ్మకం ఏమిటి? 2016లో 'మిరాయ్' అనే దుష్ట ప్రోగ్రాము సరిగ్గా ఇలాంటి పాస్‌వర్డులతోనే లక్షలాది కెమెరాలను, రౌటర్లను వశం చేసుకుంది. ఆ ఏడాది అక్టోబరు 21న వాటితో 'డిన్' అనే కంపెనీ మీద దాడి జరిగితే, ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటివి అమెరికాలో గంటల తరబడి అందలేదు.

ఇక మన తూము సంగతి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కి పనికిరాని కంప్యూటర్లు మూలన పడ్డాయి. వాటిని పాతసామాను వాడికి వేయకండి. 64 బిట్ ప్రాసెసరు, 4 జీబీ మెమరీ, రెండు నెట్‌వర్కు కార్డులు ఉంటే చాలు. ఒక్కటే ఉంటే రెండోది కొని బిగించవచ్చు. ఓపీఎన్‌సెన్స్, పీఎఫ్‌సెన్స్, ఐపీఫైర్ – ఈ సాఫ్ట్‌వేర్లు ఉచితంగా దొరుకుతాయి. పెన్‌డ్రైవులోకి ఎక్కించి ఇన్‌స్టాల్ చేయాలి. డిస్కు మొత్తం చెరిగిపోతుంది గనుక ఫొటోలూ, కాగితాలూ ముందే వేరేచోట భద్రపరచండి.

మా ఇంట్లో నేను అమర్చిన తీరు ఇది. ఫైబరు పెట్టె నుంచి వచ్చే తీగ మొదటి కార్డుకు. రెండో కార్డు నుంచి స్విచ్‌కు, అక్కడి నుంచి ఇల్లంతటికీ. పాత వైఫై రౌటరును సిగ్నలు ఇవ్వడానికి మాత్రమే ఉంచి, అది అడ్రసులు పంచే పనిని (డీహెచ్‌సీపీ) ఆపేశాను. ఆ పని ఇప్పుడు కంప్యూటరుది.

అది చేసేదేమిటంటే – ఇంట్లోంచి ఎవరు ఏమడిగారో పట్టికలో రాసుకుంటుంది. జవాబు వచ్చినప్పుడు పట్టిక చూసి, అడిగినవారికే అందిస్తుంది. ఎవరూ అడగకుండా బయటినుంచి వచ్చినదాన్ని గుమ్మంలోనే ఆపేస్తుంది. ఫైర్‌వాల్ అంటే ప్రధానంగా ఇంతే.

మరి కెమెరా? దానికి మూడో కార్డు పెట్టి వేరే నెట్‌వర్కు ఇచ్చాను. అక్కడి నుంచి ఇంటి కంప్యూటర్ల వైపుగాని, నేరుగా ఇంటర్నెట్టులోకిగాని వెళ్లకూడదని నియమం రాశాను. దూరాన ఉన్నవాళ్లు చూడాలంటే గోడకు కన్నం పెట్టనక్కర్లేదు. వైర్‌గార్డ్ అనే రహస్య దారిలో, తాళం ఉన్నవాళ్లే వస్తారు. అయితే దీనికి మీ ఇంటికంటూ బయటి అడ్రసు ఉండాలి. చాలా కంపెనీలు ఒకే అడ్రసును ఎందరికో పంచుతాయి కాబట్టి ముందు విచారించుకోండి.

ఖర్చు కూడా చెప్పాలి. 50 వాట్లు తినే కంప్యూటరు రాత్రింబవళ్లు నడిస్తే నెలకు 36 యూనిట్లు. కరెంటు పోతే ఇంటర్నెట్టూ పోతుంది. ఫైబరు పెట్టెనూ, దీన్నీ కూడా ఇన్వర్టరుకు కలపాలి. ఇంకో మాట: ఫోనులో ఎవరో అడిగితే ఓటీపీ చెప్పేవారిని ఏ ఫైర్‌వాలూ కాపాడలేదు.

విద్యార్థి మిత్రులారా! సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు ముందుగా కెమెరా, రౌటరు పాస్‌వర్డులు మార్చండి. దానికి పైసా ఖర్చు లేదు. తీరిక చిక్కితే ఆ మూలనున్న కంప్యూటరు దుమ్ము దులపండి. పుస్తకంలో చదివిన నెట్‌వర్కు పాఠం చేత్తో చేసి చూసినట్టూ అవుతుంది, ఇంట్లో పెద్దవాళ్లకు కాపలా పెట్టినట్టూ అవుతుంది.