ప్రజల గోడలు - ప్రభువుల రంగులు

2020వ సంవత్సరము జూను మాసమున రెండు రంగుల వివాదములు ఒక్కమారుగా లోకమున కెక్కినవి. ఒకటి ఇంగ్లండుది; రెండవది మనది.

బ్రిటిషు ప్రధానమంత్రియు రాజకుటుంబమువారును ప్రయాణము చేయు వాయుసేన విమానమునకు బూడిదవన్నె పోగొట్టి, తెలుపు పూసి, తోకపై ఆ దేశపు పతాకమును చిత్రించుటకు సుమారు 9,00,000 పౌనులు వ్యయమయ్యెను. మన రూపాయలలో ఎనిమిది కోట్లకు పైమాటయే. కరోనా మహమ్మారి జనులను పొట్టనబెట్టుకొనుచున్న దినములలో ఈ సింగారమేల యని అచ్చటి ప్రతిపక్షమువారు గద్దించి యడిగిరి. దేశ ప్రతిష్ఠకై చేసితిమని జాన్సను ప్రభుత్వము బదులు చెప్పెను. ఆ వ్యయమును మేము సమర్థింపము. కాని రెండు మాటలు ఒప్పుకొనక తప్పదు. ఆ తోకపై నిలిచినది జాతి పతాకము గాని ప్రధాని పక్షపు జెండా కాదు. ఖర్చెంతయో ప్రభుత్వమువారే నోరు విప్పి చెప్పిరి.

ఇక మన ముచ్చట. 2019లో వై.యస్.ఆర్. కాంగ్రెసు పక్షము ఆంధ్రప్రదేశమున అధికారమునకు వచ్చినది. ఆ యేటి గాంధీ జయంతినాడు గ్రామ సచివాలయములు ఆరంభమైనవి. వాని మంచిచెడ్డలు వేరు ప్రస్తావము. ఆ దినములలోనే గోదావరి మండలములు మొదలు రాయలసీమవరకు పంచాయతీ భవనములు నీలము, ఆకుపచ్చ, తెలుపు వన్నెలను దాల్చెను. అవి అధికార పక్షపు జెండా వన్నెలని చిన్నపిల్లవాడును చెప్పగలడు. అనంతపురము జిల్లాలో ఒక గ్రామమున పంచాయతీ గోడపైనున్న మువ్వన్నెలమీదనే ఈ పూత పడెను! ఏ పతాకమునకై మన పెద్దలు లాఠీదెబ్బలు తినిరో, ఆ పతాకపు వన్నెలు స్వరాజ్యమునందు ఒక కుంచెపోటుకు మరుగుపడెను.

2020 మార్చి 10వ తేదీన హైకోర్టువారు ఈ రంగులను తొలగింపుడని ఆజ్ఞాపించిరి. ప్రభుత్వమువారు సుప్రీంకోర్టు కెక్కిరి. మార్చి 23న అచ్చటను చుక్కెదురయ్యెను. అంతటితో ఆగిన బాగుండెడిది. ఏప్రిలులో 623వ నంబరు ఉత్తర్వు వెలువడెను. మునుపటి మూడింటికి మట్టిరంగును జతచేసి, ఇది నేలకు, అది పైరునకు, ఇది పాడికి, అది మత్స్య సంపదకు గుర్తులని భాష్యము వ్రాసిరి. మే 22న హైకోర్టువారు ఆ ఉత్తర్వును కొట్టివేసిరి. జూను 3న సుప్రీంకోర్టువారు నాలుగు వారములలో రంగులు తుడిచివేయుడని తీర్పుచెప్పిరి.

పూయుటకు ప్రజల సొమ్ము. వ్యాజ్యమాడుటకు ప్రజల సొమ్ము. తుడుచుటకును ప్రజల సొమ్మే! ఇంటి యజమానుని అడుగక ఇంటికి రంగువేసి, కూలియు అతనియొద్దనే పుచ్చుకొన్నట్లున్నది.

ఈ వ్యసనము ఒక్క పక్షమునకు పుట్టినది కాదు. 2018లో తెలుగుదేశము ప్రభుత్వము తెరచిన అన్న క్యాంటీనులు పసుపువన్నె దాల్చెను. 2019లో ప్రభుత్వము మారగా అవి మూతపడెను. 2024లో మరల మారగా మరల తెరవబడెను. పేదవాని కూడునకు సయితము రంగు అంటినందున గలిగిన ఫలమిది. భూములను మరల కొలిచినపుడు రైతులకిచ్చిన పాసుపుస్తకములపై నాటి ముఖ్యమంత్రి బొమ్మ అచ్చయ్యెను. తాతముత్తాతలు చెమటోడ్చి సంపాదించిన భూమికి సాక్షిగా ఐదేండ్ల యధికారి ముఖమా యని రైతులు విస్తుపోయిరి. 2024లో రాజముద్రతో క్రొత్త పుస్తకము లీయవలెనని నిర్ణయమయ్యెను. మరల అచ్చు, మరల ఖర్చు!

గోడలకు సున్నమైన వేయవలదా యని కొందరు మమ్ముల నడుగవచ్చును. వేయవలసినదే. వానకు తడిసి యెండకు పగులు గోడకు పూత రక్షణము. అయితే ఏ పక్షమునకు చెందని వన్నె వేసినచో, ప్రభుత్వము మారినంతమాత్రమున దానిని గీకివేయ బనిలేదు. సామాన్యమైన పూత ఋతువులకు వెలిసిపోవును. జెండా పూత ఎన్నికలకు వెలిసిపోవును.

రామచంద్రపురమునకు కొలది మైళ్ల దూరముననే ద్రాక్షారామ భీమేశ్వరుని ఆలయమున్నది. దాని గోడలపైని, స్తంభములపైని వందలకొలది శాసనములు కలవు. వానిలో రాజులవియే కాక రాజోద్యోగులవి, స్త్రీలవి, సామాన్య దాతలవియు నున్నవి. ఎవరు, ఏ దీపమునకై, ఎంత యిచ్చిరో అందు చెక్కబడియున్నది. పేరు వేయించుకొనుట తప్పుకాదు, ఇచ్చినవాడు వేయించుకొనవచ్చును. ఆ పేరు ప్రక్కనే లెక్కయు నున్నది. నేటి మన గోడలపై పేరున్నది, బొమ్మయున్నది, రంగున్నది; లెక్క మాత్రము లేదు!

ఈ సీమ రైతునకు రంగుల లోటు లేదు. మురుగు కాలువల బాగు లేదు. 2011లో కోనసీమ రైతులు పండించిన పంట గిట్టక, ముంపు బాధ పడలేక, సాగునే విరమించి నిరసించిరి. 2022లో మరల ఆ మాట వినవలసివచ్చెను. నీటితీరువయు ఇంటిపన్నును చెల్లించు గృహస్థుడు, తన చేలో నీరు నిలిచియుండగా పంచాయతీ గోడ నిగనిగలాడుటను జూచి ఏమని సంతోషించును?

మా సూచనలు మూడు. ప్రభుత్వ భవనముల వన్నెను శాసనసభ ఒక్కమారు చట్టమున నిర్ణయింపవలెను. రంగువేసిన ప్రతి గోడపై వ్యయమెంతో, ఏ నిధినుండి తెచ్చిరో వ్రాయవలెను. న్యాయస్థానము కూడదన్న పూతను తుడుచు ఖర్చు ఆజ్ఞ యిచ్చినవారినుండి రాబట్టవలెను. ఈ మూడవది అమలైననాడు మొదటి రెండును వాటంతట నవియే జరుగును.

అంతవరకు పాఠకమహాశయులు ఊరకుండ నక్కరలేదు. 2005నాటి సమాచారహక్కు చట్టము మనకున్నది, గ్రామసభయున్నది. మీ యూరి పంచాయతీ గోడకు మొన్నటి పూతకెంత, నిన్నటి తుడుపుకెంత యని వ్రాతమూలమున అడుగుడు. గోడ మనది; సొమ్ము మనది; లెక్క అడుగుటకు సంకోచమేల?