పర్సెంటు తేలేదాకా

వికలాంగుల ధ్రువపత్రాలకు యూడీఐడీ పోర్టల్ వచ్చినా సిద్దిపేట దగ్గరి చంద్లాపూర్‌లో జనం నోట ఆ పత్రం ఇంకా సదరం సర్టిఫికెట్టే. వికలాంగుల పింఛను కావాలంటే దరఖాస్తు పెట్టి, పిలిచిన రోజు సిద్దిపేటలో డాక్టరు ముందు కూర్చోవాలి. మోకాలు ఎంతవరకు వంగుతోందో కోణమానినితో కొలుస్తారు, కండరంలో పట్టు చూస్తారు, లెక్కలన్నీ కలిపి ఒక శాతం వేస్తారు. 40 పడితే పింఛనుకు అర్హత ఉన్నట్టే. 2023 జులైలో తెలంగాణలో ఆ నెల పింఛను 4,016 రూపాయలయింది. 38 పడితే చేతికి వచ్చేది సున్నా. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో పాత పింఛనుదారులను మళ్లీ పరీక్షించి నోటీసులిచ్చినప్పుడు ఎంతోమంది అప్పీలుకు వెళ్లారు.

అర్జీ ఇచ్చి వచ్చాక అసలు బాధ మొదలవుతుంది. ఫోను మోగితే గుండె దడ, రాత్రి నిద్ర పట్టదు, అన్నం సయించదు. ‘పైసలు పడ్డయా?’ అని పక్కింటివాళ్లు అడిగితే చిరాకు. పింఛను రాదని తేలిపోయినా ఇంత ఉండదేమో అనిపిస్తుంది. అలా అనిపించడం వెర్రితనమేమీ కాదు.

లండన్ యూనివర్సిటీ కాలేజీ శాస్త్రవేత్తలు 2016లో దీన్నే పరీక్షించారు. 45 మందితో కంప్యూటర్ ఆట ఆడించారు. తెర మీది రాయి కింద పాము ఉంటే చేతికి కరెంటు షాకు. చెమటను, కంటిపాపను కొలుస్తూ పోయారు. షాకు తప్పదని తెలిసినప్పటి కంటే, తగిలే అవకాశం సరిగ్గా సగం ఉన్నప్పుడే ఒత్తిడి ఎక్కువగా కనిపించింది. కీడు ఖాయమైతే మనిషి కూలికో అప్పుకో దారి వెతుక్కుంటాడు. తేలకపోతే రెండు దారులకూ ఒకేసారి సిద్ధపడాలి. ఒత్తిడిలో ఊరే కార్టిజాల్ వంటి హార్మోన్లు ఆపదలో కాసేపు అక్కరకు వస్తాయి. నెలల తరబడి అదే పనిగా ఊరుతుంటే నిద్రా ఆకలీ చెడతాయి.

మరి మనసును ఊరడించుకోలేమా? కేట్ స్వీనీ అనే మనస్తత్వవేత్త, కాలిఫోర్నియాలో వకీలు పరీక్ష రాసి నాలుగు నెలలు ఫలితం కోసం చూసే పట్టభద్రులను గమనించారు. ధైర్యం చెప్పుకోవడం, ఆలోచన మళ్లించుకోవడం వంటి ఉపాయాలు ఆందోళనను పెద్దగా తగ్గించలేదు. పైగా బాగా మథనపడినవాళ్లే చెడ్డ కబురును మెరుగ్గా తట్టుకున్నారు. ఆ వకీళ్లకూ, మందుబిళ్లలకు పింఛనే ఆధారమైనవాళ్లకూ చాలా తేడా ఉంది. అయినా ‘టెన్షన్ పడకు’ అని సలహా ఇచ్చేవాళ్లు దీన్ని చదవాలి.

స్వీనీ బృందానికి తర్వాత ఒకటి పనికొస్తుందనిపించింది: మనసు పూర్తిగా లీనమయ్యే పని. చేయి అలవాటుగా చేసుకుపోయే పని చాలదు. ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన చేతులకు ఆకు చూడక్కర్లేదు, బుర్ర ఫైలు చుట్టూనే తిరుగుతుంది. చీర మీద గొల్లభామను నేసేటప్పుడు పోగు లెక్క తప్పితే బొమ్మ చెడుతుంది కాబట్టి మనసు అక్కడే ఉండాలి. కుట్టుపనిలో కొత్త డిజైనైనా, పిల్లలకు లెక్కలు చెప్పడమైనా సరే, కాస్త కష్టంగా ఉండాలి.

ఇంకో ఉపాయం మనస్తత్వవేత్త థామస్ బోర్కోవెక్ బృందం 1983లో పరీక్షించింది. రోజూ ఒకే చోట, ఒకే వేళ అరగంట దిగులుకు కేటాయించాలి. మిగతా వేళల్లో గుర్తొస్తే ‘అప్పుడు చూద్దాం’ అని వాయిదా వేయాలి. పడుకునే ముందు మాత్రం వద్దు.

దరఖాస్తు నంబరు, ఇచ్చిన తేదీ, రసీదు ఒక కవరులో పెట్టుకుని, వారానికి ఒక రోజే ఆఫీసులో అడగడం మేలు. ‘ఎప్పుడొస్తుంది’ అంటే ‘వస్తది’ అంటారు. ‘ఫైలు ఇప్పుడు ఎవరి దగ్గరుంది, తర్వాత ఎవరికి పోతుంది’ అని అడగాలి. నా లెక్కన, ఒక తేదీ రాసిచ్చే గుమాస్తా ఏ మాత్రా ఇవ్వలేని ఊరట ఇస్తాడు. ప్రభుత్వానికి దాని ఖర్చు ఒక ఎస్సెమ్మెస్.

నిద్ర రోజుల తరబడి పట్టకపోయినా, బతకడం దండగ అన్న ఆలోచన వచ్చినా పింఛను నిర్ణయం దాకా ఆగొద్దు. మానసిక సాయం అందించే ప్రభుత్వ ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416. డబ్బులు అక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు, రాత్రయినా ఎత్తుతారు.