కోడింగ్ అసిస్టెంట్లు – ప్రమాణ గ్రంథములు

బెంగుళూరు నగరమునకును సాఫ్ట్‌వేరు వృత్తికిని గల సంబంధము నాలుగు దశాబ్దములనాటిది. 1985వ సంవత్సరమున టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ ఇచ్చట కేంద్రమును నెలకొల్పి, ఉపగ్రహ మార్గమున విదేశములందలి తన కార్యాలయములతో సంబంధము కల్పించుకొనెను. పరిశ్రమ విస్తరించిన కొలదియు ఆంధ్ర, తెలంగాణ ప్రాంతములనుండి యువతీయువకులు వేలకొలదిగా ఈ నగరమునకు వచ్చి ప్రోగ్రాము రచనను జీవనవృత్తిగా గైకొనిరి. 2021లో గిట్‌హబ్ కోపైలట్, 2022 నవంబరులో ఛాట్‌జీపీటీ వెలువడినది మొదలు ఆ వృత్తి స్వరూపమే మారుచున్నది. పూర్వము ప్రోగ్రామరు తానే వ్రాసిన పంక్తులలో పెక్కింటిని నేడు కృత్రిమ మేధతో పనిచేయు కోడింగ్ అసిస్టెంటు వ్రాయుచున్నది. వాని మంచిచెడ్డలు నిర్ణయించి ఫలితమునకు బాధ్యత వహించుట మాత్రము ప్రోగ్రామరు వంతుగనే మిగిలినది. ఆ అసిస్టెంటు చెప్పు మాటకు ఆధారమేమి, ఆ యాధారమును దానికి అందించు విధానమెట్టిది అను విషయములు ఈ వ్యాసమున వివరింపబడుచున్నవి.

అసిస్టెంటునకు మూలము భాషా నమూనా. అది అపారమైన గ్రంథరాశిని, కోడును చదివి, ఏ మాట తరువాత ఏ మాట వచ్చుటకు అవకాశమెక్కువయో నేర్చుకొన్న గణితయంత్రము. ఆ శిక్షణ ఒకానొక తేదీతో ముగియును. అటుపిమ్మట జరిగిన మార్పులు దానికి తెలియవు. ఇందుకొక యుదాహరణము: పైథాన్ భాషలో పట్టికల గణనకు విరివిగా వాడబడు పాండాస్ లైబ్రరీలో, పట్టికకు వరుసలను చేర్చుటకు అపెండ్ అను పద్ధతి చిరకాలము ఉండెను. 2022 జనవరిలో వెలువడిన 1.4 వెర్షన్ దానిని విడిచిపెట్టవలసినదిగా హెచ్చరించెను. 2023 ఏప్రిలులో వచ్చిన 2.0 వెర్షన్ దానిని తొలగించెను; దాని స్థానమున కాన్‌కాట్ అను దానిని వాడవలసి వచ్చినది. కాని అంతకు ముందు వ్రాయబడిన కోడులో అపెండ్ కోకొల్లలుగా నున్నది. దానిని చదివిన నమూనా, జ్ఞాపకము మీదనే ఆధారపడినచో, లేని పద్ధతినే నిస్సంకోచముగా చెప్పగలదు. తాళపత్ర ప్రతులను పరిష్కరించువారికి పాఠాంతరములు ఎట్టివో, ప్రోగ్రామరులకు వెర్షన్లు అట్టివి. ముందున్న ప్రతి యేదో తెలియక అర్థము చెప్పబూనుట ప్రమాదము.

న్యాయశాస్త్రజ్ఞులు యథార్థ జ్ఞానమునకు ప్రత్యక్షము, అనుమానము, ఉపమానము, శబ్దము అని నాలుగు ప్రమాణములు చెప్పిరి. ఈ విభాగము ప్రస్తుత విషయమునకు చక్కగా నుపకరించును. నమూనా తన జ్ఞాపకమునుండి చెప్పునది అనుమానము వంటిది. హేతువు సరియైనదైననే అది నిలుచును. లైబ్రరీ కర్తలు వ్రాసిన డాక్యుమెంటేషన్ శబ్దము, అనగా ఆప్తవాక్యము. సంస్థయొక్క సొంత కోడులో అట్టి పనినే చేసిన మరియొక భాగమును వెదకి పోల్చుకొనుట ఉపమానము. కోడును నడిపి ఫలితమును కన్నులార చూచుట ప్రత్యక్షము. అనుమానమొక్కటియే గల అసిస్టెంటునకు మిగిలిన మూడింటిని అందుబాటులోనికి తెచ్చుటయే నేటి ప్రయత్నముల సారము.

డాక్యుమెంటేషన్‌ను అందించు పద్ధతికి 2020లో ప్యాట్రిక్ లూయిస్ మొదలగు పరిశోధకులు ప్రకటించిన పత్రము మార్గదర్శకమైనది. అందలి సూత్రము సరళము. ప్రశ్న రాగానే సమాధానము చెప్పక, ముందుగా గ్రంథసంచయమునుండి తగిన భాగములను తెప్పించుకొని, వానిని చదివి చెప్పవలెను. ఇందు నిమిత్తము డాక్యుమెంటేషన్ చిన్న చిన్న ఖండములుగా విభజింపబడును. ఒక్కొక్క ఖండముయొక్క భావము సంఖ్యల శ్రేణిగా మార్చి భద్రపరుపబడును. ప్రశ్నను కూడ అట్లే మార్చి, దానికి సమీపముగా నున్న ఖండములను ఎన్నుకొందురు. అయితే అపెండ్, కాన్‌కాట్ వంటి పేర్ల విషయమున భావసామీప్యముకంటె అక్షరసామ్యమే ముఖ్యము. కావున పదములనుబట్టి వెదకు పాత విధానమును దీనితో జోడించుట మేలు. ప్రతి ఖండమునకును వెర్షన్ సంఖ్యను తగిలించుట మరువరాదు.

కోడును వెదకు విద్య ఇంతకంటె పాతది. 1973 నాడు బెల్ ప్రయోగశాలయందు కెన్ థాంప్సన్ రచించిన గ్రెప్ నేటికిని వాడుకలో నున్నది. అది ఫైళ్లను మొదటినుండి తుదివరకు చదువుచు పోవును. కోడు మితిమీరి పెరిగిన చోట ఇది చాలదు. 2006లో గూగుల్ ప్రారంభించిన కోడ్ సెర్చ్, మూడేసి అక్షరముల తునుకలకు ముందుగనే సూచిక సిద్ధపరచుకొని, ఆ తునుకలు గల ఫైళ్లను మాత్రమే తెరచి చూచెడిది. కావ్యముల చివర చేర్చు పద్యముల అకారాది సూచికవలెనే ఇదియు శ్రమను తగ్గించునది. 2016లో మైక్రోసాఫ్ట్ ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్ మరియొక మెట్టు. ఒక పేరు ఎచ్చట నిర్వచింపబడినది, ఎచ్చటెచ్చట వాడబడినది అని ఎడిటరు అడుగగా, కేవలము అక్షరములనుబట్టి గాక ఆ భాషావ్యాకరణమునుబట్టి సమాధానము చెప్పుటకు అది వీలు కల్పించినది.

వీనినెల్ల అసిస్టెంటునకు కలుపుటలో చిక్కొకటి యుండెను. ఐదు అసిస్టెంట్లు, ఎనిమిది సాధనములు ఉన్నచో, ప్రతిదానిని ప్రతిదానితో వేరువేరుగ కలుపుటకు 40 సంధానములు కావలెను. అన్నియు ఒకే మర్యాదను పాటించినచో 13 చాలును. ఆంత్రోపిక్ సంస్థ 2024 నవంబరులో ప్రకటించిన మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ ఇట్టి యుమ్మడి మర్యాద. 2025 డిసెంబరులో అది లినక్స్ ఫౌండేషన్ ఛత్రమునకు చేరినది. దీని ప్రకారము సాధనపు పక్షమున సర్వరు అను ప్రోగ్రాము ఉండును. తాను చేయగల పనుల పట్టికను, ఒక్కొక్క పనికి తెలుపవలసిన వివరములను అది అసిస్టెంటునకు అందించును. నమూనా ఆ పట్టికను చూచి, పాండాస్ 2.0 డాక్యుమెంటేషన్‌లో కాన్‌కాట్ వివరము కావలెనని కోరును. సర్వరు వెదకి పాఠమును పంపును. నమూనా దానిని చదివి కోడు వ్రాయును. కోరుట నమూనా పని, తెచ్చియిచ్చుట సర్వరు పని. కావుననే ఏది తెరువవచ్చునో, ఏది తెరువరాదో కట్టడి చేయుటకు నడుమ అవకాశము కలుగుచున్నది.

పెక్కు జ్ఞానమూలములను ఒకచోట చేర్చు ఆలోచనతో తెలుగువారు గర్వింపదగిన పేరొకటి ముడిపడి యున్నది. నాటి చిత్తూరు జిల్లా కాటూరున 1937లో జన్మించి, 1994లో ట్యూరింగు పురస్కారము నందిన డాక్టరు దబ్బల రాజగోపాలరెడ్డి, 1970వ దశకమున కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమందు సహచరులతో కూడి, మానవుల మాటను గ్రహించు హియర్‌సే వ్యవస్థలను నిర్మించిరి. వానిలో ధ్వనిని, పదమును, వాక్యనిర్మాణమును వేరువేరుగ ఎరిగిన భాగములు తమ యూహలను ఉమ్మడి నల్లబల్లపై వ్రాసినట్లు ఉంచగా, మిగిలిన భాగములు వానిని బలపరచుటయో తోసిపుచ్చుటయో చేసెడివి. తరువాతి కాలమున డాక్టరు రెడ్డి గ్రంథముల డిజిటలీకరణకు పూనుకొనిరి. బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ముఖ్య కేంద్రముగా సాగిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా పథకమున తెలుగు గ్రంథములు ఎన్నియో చేరినవి. అయినను ఆ పుటలు చిత్రములుగా నుండుటచే, వానినుండి కావలసిన వాక్యమును వెదకి తీయుట దుర్లభమయ్యెను. గ్రంథము లభించుట వేరు, అందలి మాట సమయమునకు దొరకుట వేరు. కోడు విషయమునను ఇదియే సత్యము.

ఈ యేర్పాటున అపాయములు లేకపోలేదు. 2024లో కొందరు పరిశోధకులు 16 నమూనాలచేత 5,76,000 కోడు ఖండములు వ్రాయించి చూచిరి. సూచింపబడిన ప్యాకేజీలలో లోకమున లేనివి వాణిజ్య నమూనాలలో సగటున నూటికి 5.2, బహిరంగ నమూనాలలో 21.7 వంతున తేలినవి. అట్టి కల్పిత నామముతో దురాలోచనపరుడు నిజముగనే ప్యాకేజీని పెట్టినచో, పరీక్షింపక దించుకొన్నవారు మోసపోవుదురు. ప్రమాణ గ్రంథమును చూపుట ఈ దోషమును తగ్గించును గాని రూపుమాపదు. మరియు, తెచ్చిన పుటలోనే ఎవరైనను ఆజ్ఞవలె ఒక వాక్యమును చొప్పించినచో, నమూనా దానిని యజమాని మాటగా భ్రమింపవచ్చును. అందుచేత వెదకు సాధనములకు చదువు అనుమతి మాత్రమే యిచ్చి, మార్పులు చేయుటకు ముందు మనుష్యుని సమ్మతి తీసికొను నియమము అవసరము.

అన్నింటికంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. సంస్థలోని సొంత డాక్యుమెంటేషన్ పాతబడినచో, అసిస్టెంటు దానిని నిష్ఠతో చదివి తప్పునే చెప్పును. ఆప్తుడు కానివాని వాక్యము ప్రమాణము కాదు. కనుక డాక్యుమెంటేషన్ వ్రాయుటను చిల్లరపనిగా భావించి చివరికి వదలిపెట్టు అలవాటు పోవలెను. కోడు మారిన దినముననే దాని వివరణయు మారవలెను. బెంగుళూరునకు కొత్తగా వచ్చిన తెలుగు ప్రోగ్రామరు అసిస్టెంటును వాడుటలో దోషములేదు. కాని ఏ పుట చూచి చెప్పుచున్నావని దానిని అడిగి, ఆ పుటను తానును తెరచి, వెర్షన్ సరిచూచుకొని, కోడును నడిపి చూచుట ఆతని విధి. అట్లు చేసిన నాడు యంత్రము అతని చదువును పెంచును. చేయని నాడు, తనకు తెలియని పనికి తాను పూచీదారు కావలసి వచ్చును.