చేతులు మారినా ఆగని చికిత్స

న్యూఢిల్లీలోని వసంత్ కుంజ్‌లో గల ఇండియన్ స్పైనల్ ఇంజురీస్ సెంటర్ స్థాపకులు మేజర్ హెచ్.పి.ఎస్. అహ్లూవాలియా. 1965 మే 29న ఎవరెస్టు శిఖరాన్ని అధిరోహించిన ఆయన, అదే సంవత్సరం పాకిస్తాన్‌తో జరిగిన యుద్ధంలో తూటా తగిలి వెన్నుపాము దెబ్బతినగా చక్రాల కుర్చీని ఆశ్రయించవలసి వచ్చింది. ఇంగ్లండులో లుడ్విగ్ గట్‌మన్ 1944లో ప్రారంభించిన స్టోక్ మాండెవిల్ కేంద్రంలో ఆయన చికిత్స పొందారు. అటువంటి పునరావాసం మన దేశంలోనూ లభించాలన్న సంకల్పమే ఢిల్లీ కేంద్రానికి పునాది. అక్కడ చికిత్సతోపాటు ఫిజియోథెరపీ బోధన కూడా జరుగుతోంది.

వెన్నుపాము గాయానికి శస్త్రచికిత్స గంటల పని. పునరావాసం నెలల తరబడి సాగే సాధన. బోధనాసుపత్రులలో విద్యార్థుల శిక్షణ విడతలుగా సాగుతుంది గనుక, ఆ నెలలలో రోగిని చూసే చేతులు మారక తప్పదు. పాతవారిపై కుదిరిన నమ్మకం కొత్తవారికి వారసత్వంగా రాదు.

అందుచేత బాధ్యత స్వీకరించిన విద్యార్థి మొదట చేయవలసినది పరిశీలన. కండరాల బలాన్ని 0 నుండి 5 వరకు అంకెలలో, కీళ్ల కదలికను గోనియోమీటరుతో డిగ్రీలలో నమోదు చేస్తారు. పాత అంకెల పక్కన తాను కొలిచినవి వ్రాసుకొని, పర్యవేక్షకులతో చర్చించిన తరువాతనే ముందుకు సాగాలి. అయితే కాగితం అన్నీ చెప్పదు. ఎలా లేపితే తల తిరుగుతుందో, ఏ మాటకు మనసు నొచ్చుకుంటుందో వెళ్లేవారు మంచం పక్కన నిలిచి చెప్పాలి.

కొన్ని సంగతులు జారిపోతే ప్రాణానికే ముప్పు. ఛాతీ మధ్యభాగానికి పైన వెన్నుపాము దెబ్బతిన్నవారిలో మూత్రాశయం నిండినా రక్తపోటు ఒక్కసారిగా పెరిగి, తీవ్రమైన తలనొప్పి, చెమటలు రావచ్చు. వెంటనే కూర్చోబెట్టి, బిగుతు దుస్తులు వదులు చేసి, మూత్రపు గొట్టం మడతపడిందేమో చూసి, వైద్యుని పిలవాలి.

విద్యార్థులు మారినా మారనివారు కుటుంబ సభ్యులే. మంచంపై సుమారు 2 గంటలకొకసారి పక్కకు తిప్పిన వేళలు, చర్మం ఎర్రబడిన చోట్లు, నాటి వ్యాయామాలు ఒక నోటుపుస్తకంలో వ్రాసి ఉంచండి. కొత్తవారు రాగానే దానిని చేతికివ్వండి. ఇంతవరకు సాధించినదేమిటి, తదుపరి లక్ష్యమేమిటి అని అడగడానికి సంకోచించవద్దు. సందేహముంటే పర్యవేక్షకులను పిలవమనండి. అది రోగి హక్కు. శ్రద్ధగల విద్యార్థి ఆ ప్రశ్నలకు నొచ్చుకోడు, వాటినుండే నేర్చుకుంటాడు.