అక్షరాల చాటున ఆవేదన

దూరదేశంలో ఉన్న కుమారుని నుంచి ఒక రాత్రి సందేశం వస్తుంది: ‘బాగానే ఉన్నాను అమ్మీ.’ మనం చదువుకుంటాం, ఊరట చెంది నిద్రకు ఉపక్రమిస్తాం. ఆ మాటల వెనుక చిరునవ్వు ఉందో, కన్నీరు ఉందో అక్షరాలు చెప్పవు. ముఖం కానరాని, స్వరం వినరాని చోట మనోవేదనను గుర్తించడమెలా? రాతపూర్వక సందేశాల ద్వారా మానసిక చికిత్స అందించే నిపుణులు అనుదినం ఎదుర్కొనే ప్రశ్న ఇది.

ఈ విధానం ఫలిస్తుందా అన్న సందేహం సహజం. బ్రిటన్‌లో కుంగుబాటుతో బాధపడుతున్న 297 మందితో జరిపిన పరిశోధన ఫలితాలను 2009లో ‘లాన్సెట్’ వైద్యపత్రిక ప్రచురించింది. వారిలో ఒక వర్గానికి మామూలు వైద్యంతోపాటు, నిపుణులు కంప్యూటరులో అప్పటికప్పుడు టైపు చేస్తూ సంభాషించే చికిత్స కూడా అందింది. రెండవ వర్గం మామూలు వైద్యం పొందుతూ ఈ చికిత్స కోసం వేచి ఉంది. నాలుగు నెలల తర్వాత మొదటి వర్గంలో 38 శాతం, రెండవ వర్గంలో 24 శాతం మంది కోలుకున్నారు.

అమెరికన్ మనస్తత్వవేత్త కార్ల్ రోజర్స్ 1957లో ఒక ముఖ్య విషయం చెప్పారు. చికిత్సకుడు బాధితుని మనసును అర్థం చేసుకుంటే చాలదు. అర్థం చేసుకున్నాడన్న సంగతి కొంతైనా బాధితునికి చేరాలి. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు తల ఊపడం, మౌనంగా వినడం ఆ పని చేస్తాయి. సందేశాలలో మౌనం నిర్లక్ష్యంగా తోచే ప్రమాదం ఉంది. అందువల్ల అక్కడ ఆదరణను సైతం అక్షరాలలోనే చూపవలసి ఉంటుంది.

ఉదాహరణకు ఒకరు, ‘ఏం లేదు, అంతా మామూలే. ఇంట్లో నా మాట ఎవరికీ పట్టదు’ అని రాశారనుకుందాం. ‘దిగులు పడకండి, అన్నీ సర్దుకుంటాయి’ అనడం తేలిక. ఆ ఓదార్పు సంభాషణను అక్కడితో ముగిస్తుంది. అనుభవజ్ఞుడైన చికిత్సకుడు ఆయన మాటనే తిరిగి అందుకుంటాడు: ‘మీ మాట ఎవరికీ పట్టదన్నారు. ఒంటరినయ్యానన్న బాధ అందులో ఉన్నట్లు తోచింది. నేను సరిగా గ్రహించానా?’ ఇక్కడ భావానికి ఒక పేరు లభించింది. ఆ పేరు తప్పయితే సరిదిద్దే స్వేచ్ఛ కూడా బాధితునికే మిగిలింది. ‘బాధ కాదండీ, కోపం’ అని ఆయన జవాబిస్తే అసలు విషయం అప్పుడే బయటపడుతుంది. సలహాల వంతు ఆ తర్వాతే.

ఈ పద్ధతికి పరిమితులూ ఉన్నాయి. ప్రాణాపాయ సూచనలు కనిపించినప్పుడు సందేశాలతో సరిపెట్టుకోరాదు. వెంటనే మనిషి తోడు, వైద్య సహాయం అవసరం. 2022 అక్టోబరులో మన దేశంలో ప్రారంభమైన ‘టెలి మానస్’ సేవ ద్వారా 14416 నంబరుకు ఫోను చేసి ఉచితంగా నిపుణులతో మాట్లాడవచ్చు.

మనం చికిత్సకులం కాము. అయినా ‘బాగానే ఉన్నాను’ అన్న సందేశానికి ‘సరే, జాగ్రత్త’ అని ముగించకుండా, ‘ఈ మధ్య నీ మాటలు తగ్గాయి బేటా, పని భారంగా ఉందా?’ అని అడగగలం. అడిగిన తర్వాత జవాబు కోసం కాసేపు మేలుకొని ఉండగలం.